పంపు ప్రెషర్ సెన్సర్ మార్చినా అదే కోడ్: 20 టన్నుల పొక్లెయిన్

క్వారీ_రమణ
గ్రానైట్ క్వారీలో 20 టన్నుల పొక్లెయిన్. పొద్దున రాయి పగలగొట్టే బ్రేకర్, మధ్యాహ్నం నుంచి బకెట్. మిషన్ బాగా వేడెక్కాక మానిటర్ మీద "పంపు-1 డెలివరీ ప్రెషర్ సెన్సర్, వోల్టేజ్ తక్కువ" అని కోడ్ పడుతోంది, చివర ఎఫ్‌ఎంఐ (ఫాల్ట్ ఏ రకమో చెప్పే నంబరు) 4. పడగానే బూమ్, ఆర్మ్ రెండూ నీరసపడిపోతాయి. ఇంజన్ ఆర్‌పీఎం మాత్రం దిగదు. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మామూలుగా నడుస్తుంది, కాసేపటికి మళ్లీ అదే. కొత్త సెన్సర్ వేశాం, తేడా లేదు. వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇప్పుడు కంట్రోలర్ (మిషన్ కంప్యూటర్ పెట్టె) మార్చాలంటున్నాడు. ల్యాప్‌టాప్ లేదు, మల్టీమీటర్ ఉంది. కంట్రోలర్ దాకా పోకముందు ఏమేం చూడాలి?

నైట్‌షిఫ్ట్
కంట్రోలర్ రేటు ఎంత చెప్పాడో అదీ రాయి రమణా. ఫాల్ట్ మిషన్‌లో ఉందో ఎస్టిమేట్‌లో ఉందో తేలిపోతుంది.

పంపుడాక్టర్
కంట్రోలర్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఆ కోడ్‌కి అర్థం ఒకటే: సిగ్నల్ వైరు మీద ఉండాల్సిన దానికంటే తక్కువ వోల్టేజ్ కంట్రోలర్‌కి కనిపిస్తోంది. ఎందుకు తక్కువైందో అది చెప్పదు. సెన్సర్ కావచ్చు, సిగ్నల్ వైరు తెగి ఉండొచ్చు, బాడీకి తగులుతూ ఉండొచ్చు, సెన్సర్‌కి పోవాల్సిన 5 వోల్టులే పోకపోవచ్చు.

ఎఫ్‌ఎంఐ నంబర్లు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. 3 అంటే వోల్టేజ్ ఎక్కువ, లేదా పాజిటివ్‌కి షార్ట్. 4 అంటే తక్కువ, లేదా ఎర్త్‌కి షార్ట్. 2 అంటే సిగ్నల్ నిలకడగా లేదు, లూజ్ కనెక్షన్లకి ఎక్కువగా ఇదే పడుతుంది. 5, 6 వచ్చాయంటే కరెంటు లెక్క, అవి సాధారణంగా సొలినాయిడ్ల (కరెంటుతో పనిచేసే వాల్వుల) వైపు: 5 ఓపెన్, 6 షార్ట్. 0, 1 పడితే వైరింగ్ వెతకొద్దు. సెన్సర్ బాగానే ఉంది, అది కొలిచే ప్రెషరో టెంపరేచరో నిజంగానే హద్దు దాటింది.

నీరసం ఎందుకంటే, పంపు ప్రెషర్ తెలియకపోతే పంపు ఎంత లోడ్ లాగుతోందో కంట్రోలర్‌కి అంతుపట్టదు. ఇంజన్ ఆగిపోకుండా టార్క్ సొలినాయిడ్‌కి ఒక స్థిరమైన కరెంటు ఇచ్చి పంపు ఫ్లో తగ్గించి పెట్టుకుంటుంది. అందుకే ఆర్‌పీఎం దిగదు, పని మాత్రం జరగదు. పంపు బాగానే ఉండి ఉంటుంది, దాన్ని ఎవరూ విప్పకుండా చూసుకో.

ఒక ప్రశ్న. కోడ్ హిస్టరీ తీసి చూడు. అదే సమయంలో ఇంకేమైనా కోడ్లు పడి పోతున్నాయా?

24వోల్టులు
డాక్టర్ గారు చెప్పినదానికి మీటర్‌తో చేసే వరస ఇది. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ ఏదైనా ఇదే పద్ధతి: ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి సిగ్నల్, ఒకటి ఎర్త్. వైరు రంగుని నమ్మకు, సర్క్యూట్ డయాగ్రమ్‌లో పిన్ నంబర్ చూసుకో. మధ్యలో ఎవరైనా జాయింట్ వేసి ఉంటే రంగులు మారిపోయి ఉంటాయి.

ఇంజన్ ఆఫ్, కీ ఆన్. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు సప్లైకీ ఎర్త్‌కీ మధ్య కొలువు. 4.8 నుంచి 5.2 లోపు ఉండాలి. తర్వాత మీటర్ ఎర్రవైరు కనెక్టర్ సప్లై పిన్‌లోనే ఉంచి నల్లవైరు బ్యాటరీ నెగటివ్‌కి మార్చు. ఇప్పుడు 5 వచ్చి ఇందాక రాలేదంటే ఎర్త్ వైరు తెగింది.

ఇక అసలు పరీక్ష. చాలా సర్క్యూట్లలో కనెక్టర్ ఊడదీయగానే ఎఫ్‌ఎంఐ 4 పడుతుంది. అప్పుడు సన్నటి జంపర్ వైరుతో సప్లై పిన్‌ని సిగ్నల్ పిన్‌కి కలుపు. కోడ్ 4 నుంచి 3కి మారాలి. మారిందంటే సిగ్నల్ వైరు, కంట్రోలర్ రెండూ బాగున్నట్టే, తేడా సెన్సర్‌ది. మారకపోతే వైరు వెతుక్కో. కొన్ని సర్క్యూట్లు తిరగేసి ఉంటాయి: ఊడదీస్తే 3 పడుతుంది, వాటిలో సిగ్నల్‌ని ఎర్త్‌కి కలిపితే 4కి మారాలి. సప్లైని ఎర్త్‌కి మాత్రం ఎప్పుడూ కలపకు.

కనెక్టర్ మళ్లీ పెట్టి వెనకనుంచి సన్నటి పిన్ దూర్చి సిగ్నల్ చూడు. ఇలాంటి సెన్సర్లు ఎక్కువగా 0.5 నుంచి 4.5 వోల్టులవి. 500 బార్ సెన్సర్ అయితే ప్రెషర్ లేనప్పుడు 0.5, 100 బార్‌కి 1.3, ఆర్మ్ చివరిదాకా లాగి రిలీఫ్ (ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే వాల్వ్) మీద పట్టినప్పుడు 343 బార్ వస్తుందనుకుంటే 3.24. లెక్క సులువే: వోల్టేజ్‌లోంచి 0.5 తీసేసి, 4తో భాగించి, సెన్సర్ రేంజ్‌తో గుణించు.

ఓరుగల్లు_ఎలక్ట్రిక్
మీటర్ పుల్లలు కనెక్టర్ ముందు నుంచి పొడవకుండ్రి. ఆడ పిన్ను వెడల్పైతది. ఇయ్యాల బాగనే ఉంటది, రెండ్రోజులకు బ్రేకర్ దెబ్బలకు కాంటాక్ట్ ఇడుస్తది, అప్పుడు కొత్త బీమారి మొదలు. వైరు తొడుగుకు సూది గుచ్చుడు గూడ వద్దు. ఆ బొక్కలకెళ్లి నీళ్లు దిగి లోపల రాగి చిలుము పడ్తది. పిన్ను పట్టు చూడాల్నంటే అదే సైజు విడి మగ పిన్నొకటి దగ్గర పెట్టుకో. దూర్చి కిందికి పట్టుకుంటే దాని బరువుకు అదే జారి పడొద్దు. జారిందంటే ఆడ పిన్ను మార్చుడే.

గల్ఫ్_ఫిట్టర్
24వోల్టులు రాసింది తప్పని కాదు గానీ, రమణ విషయంలో అదంతా చల్లటి మిషన్ మీద చేస్తే అన్నీ సరిగ్గానే వస్తాయి. వేడెక్కాకే పడే కోడ్ అది. ఫాల్ట్ ఉన్నప్పుడే కొలవాలి. పొద్దున్నే రెండు సన్నటి వైర్లు కనెక్టర్ వెనక దూర్చి క్యాబిన్‌లోకి లాగి పెట్టుకో, ఒకటి 5 వోల్టులది, ఒకటి సెన్సర్ ఎర్త్. మీటర్‌లో మిన్-మ్యాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ అంకెల్ని గుర్తుంచుకునేది) ఉంటే పెట్టి వదిలెయ్యి. కోడ్ పడ్డాక కీ ఆఫ్ చెయ్యకుండా మీటర్ చూడు. ఆపరేటర్లు కోడ్ పడగానే కీ తిప్పేస్తారు, దొంగ చేతికి చిక్కినట్టే చిక్కి పారిపోతాడు. ముందు అతనికి చెప్పి పెట్టు.

ఆ వైర్లు స్వింగ్ గేర్ వైపూ ఫ్యాన్ వైపూ వేలాడకుండా టై వేసి కట్టు.

24వోల్టులు
చల్లటి కొలత దండగేమీ కాదు. అది లేకుండా వేడి కొలతని దేంతో పోలుస్తారు?

గల్ఫ్_ఫిట్టర్
పోల్చడానికి సరే. దాన్నిబట్టి "సర్క్యూట్ ఓకే" అని రాసేయడమే నాకు నచ్చనిది.

టూల్‌బాక్స్
పంపు-1, పంపు-2 డెలివరీ సెన్సర్లు రెండూ ఒకే పార్ట్ నంబర్. అటుదిటు ఇటుదటు మార్చి పెడితే ఐదు నిమిషాల పని. కోడ్ పంపు-2కి పోతే సెన్సర్, పోకపోతే వైరు. ఇంత మీటర్ పురాణం ఎందుకు?

పంపుడాక్టర్
ఐదు నిమిషాలంటే ప్రెషర్ వదలకుండా విప్పుతావన్నమాట. డెలివరీ లైన్ మీద సెన్సర్ అది. ఇంజన్ ఆపినా లైన్‌లో ప్రెషర్ మిగిలే ఉంటుంది. సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంతే కనపడుతుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అది వెంటనే ఆపరేషన్ కేసు, దూది అంటించుకుని పని చేసుకునే దెబ్బ కాదు.

సెన్సర్ విప్పాలంటే బకెట్ నేలమీద ఆనించు. ఇంజన్ ఆపి, కీ మళ్లీ ఆన్ చేసి, పైలట్ లాక్ లివర్ పని చేసే స్థానంలో పెట్టి, లివర్లన్నీ అన్ని వైపులా పదిసార్లు తిప్పు. అక్యుమ్యులేటర్‌లో నిల్వ ఉన్న పైలట్ ప్రెషర్‌తో (లివర్ తోస్తే వాల్వుల్ని కదిపే చిన్న ప్రెషర్) స్పూళ్లు (వాల్వుల లోపలి కడ్డీలు) కదిలి లైన్లు ఖాళీ అవుతాయి. తర్వాత హైడ్రాలిక్ ట్యాంక్ బ్రీదర్ బటన్ నొక్కి గాలి వదులు. ఆ తర్వాత సెన్సర్ ఒక చుట్టు వదులు చేసి ఆగు, చెమ్మ కారడం ఆగాక మిగతాది విప్పు. ఓ-రింగ్ కొత్తది వెయ్యి, స్పానర్ కింది షట్కోణం మీదే పెట్టు, కనెక్టర్ వైపు బాడీ తిప్పితే లోపల ఎలిమెంట్ పోతుంది.

సెన్సర్లు విప్పకుండా మార్చే పద్ధతి ఇంకోటి ఉంది. వైర్లు అందితే రెండు కనెక్టర్లు మాత్రం అటూ ఇటూ మార్చు. ఆ స్థితిలో పని చేయించకు, ఇంజన్ ఐడిల్‌లో కోడ్ ఎటు పోయిందో చూసి తిరిగి పెట్టెయ్యి.

పైగా రమణ కొత్త సెన్సర్ వేసే ఉన్నాడు, మార్చి చూసి కొత్తగా తేలేదేముంది?

టూల్‌బాక్స్
కనెక్టర్లు మార్చడం బాగుంది. నేనూ అదే అనబోయాను అని రాస్తే నమ్ముతారా?

నైట్‌షిఫ్ట్
నమ్మం.

క్వారీ_రమణ
చల్లగా ఉన్నప్పుడు కొలిచాం. సప్లై 4.98, సిగ్నల్ 0.51, ఆర్మ్ రిలీఫ్ మీద 3.2. ఊడదీసి జంపర్ వేస్తే కోడ్ 4 నుంచి 3కి మారింది. అన్నీ గల్ఫ్_ఫిట్టర్ అన్నట్టే సరిగ్గా ఉన్నాయి.

హిస్టరీలో ఇంకో రెండు ఉన్నాయి డాక్టర్ గారూ, ట్రావెల్ పైలట్ ప్రెషర్ సెన్సర్ వోల్టేజ్ తక్కువ, ఫ్రంట్ (బూమ్, ఆర్మ్ వైపు) పైలట్ ప్రెషర్ సెన్సర్ వోల్టేజ్ తక్కువ. అవర్ మీటర్ రీడింగ్ మూడింటికీ ఒకటే. పంపు-2 సెన్సర్‌కి మాత్రం ఒక్క కోడ్ కూడా లేదు.

పంపుడాక్టర్
ఇదే నాకు కావాల్సింది. మూడు సెన్సర్లు ఒకే గడియలో చావవు. మూడింటికీ ఒకే 5 వోల్టుల లైన్ పోతోంది, ఆ లైన్ పడిపోతోంది. ఈ సెన్సర్ల సిగ్నల్ సప్లైకి దామాషాలో ఉంటుంది. సప్లై 5 ఉంటే సున్నా ప్రెషర్‌కి 0.5. సప్లై 2.3కి దిగితే అదే సున్నా ప్రెషర్‌కి 0.23. కంట్రోలర్ అనుకున్న కింది హద్దు దాటి పోయింది కాబట్టి "వోల్టేజ్ తక్కువ". పంపు-2ని కంట్రోలర్ రెండో 5 వోల్టుల పిన్ మీద పెట్టి ఉంటారు, అందుకే దానికి సెగ తగల్లేదు. డయాగ్రమ్‌లో చూసి ఖాయం చేసుకో.

కోడ్ పడి ఉన్నప్పుడు గల్ఫ్_ఫిట్టర్ చెప్పిన వైర్ల మీద 5 వోల్టులు చూడు. పడిపోయి ఉంటే ఇంజన్ ఆపి, వెంటనే కీ ఆన్ చేసి, ఆ లైన్ మీద ఉన్న సెన్సర్లు ఒక్కోటే ఊడదియ్యి, ప్రతిసారీ మీటర్ చూడు. ఏది ఊడదీయగానే 5కి ఎగబాకుతుందో అదే షార్ట్. అన్నీ ఊడదీసినా లేవకపోతే వైరు. అదీ తేలాలంటే కీ ఆఫ్ చేసి కంట్రోలర్ కనెక్టర్‌లోంచి ఆ 5 వోల్టుల పిన్ ఒక్కటీ బయటికి తీసి, కీ ఆన్ చేసి కంట్రోలర్ వైపు కొలువు. 5 వచ్చిందంటే హార్నెస్ దోషం. రాకపోతే, అప్పుడు కంట్రోలర్ మాట ఎత్తొచ్చు. ఈ మెట్టు దాకా రాకుండా కంట్రోలర్ మార్చమన్న మాటకి విలువ లేదు.

కీ ఆఫ్-ఆన్‌లోపు చల్లారి ఫాల్ట్ మాయమైతే హాట్ ఎయిర్ గన్‌తో సెన్సర్ బాడీని మెల్లగా వేడి చెయ్యి. చెయ్యి పెట్టలేనంత చాలు. మంట చూపించకు, దగ్గర్లో ఆయిల్ ఉంది.

ఓరుగల్లు_ఎలక్ట్రిక్
హార్నెస్ అని తేల్తే ఏడేడ చూడాల్నో జెప్త. పంపు రూములకు పోయే రేకు బొక్క కాడ రబ్బర్ గ్రోమెట్ ఊడి వైరు రేకుకు ఒరుసుకుంటది. హోస్ క్లాంపుల కింద వైరు ఇరుకుతది, ప్రెషర్ వచ్చినప్పుడల్ల హోస్ కదిలి దాన్ని నలుపుతది. బూమ్ మొదట్ల, లైట్ వైరు పోయే కాడ. క్యాబిన్ ఎనక కంట్రోలర్ల డబ్బల ఎలుకలు. క్వారీ కాడ మిషన్ నాలుగు దినాలు నిలవడ్డదంటే ఎలుకలకు అదే ఇల్లు, ఆపరేటర్ అన్నం గిన్నె ఆడ్నే పెడ్తడు గద. టర్బో దిక్కు పోయే వైరు ఎండి పెళుసైతది. బ్రేకర్ మిషన్ అయితే బ్యాటరీ పెట్టె కాడి ఎర్త్ బోల్ట్ తప్పకుండ చూడు, ఆ అదురుకు వదులైతది.

వెతికేటప్పుడు మీటర్ 5 వోల్టుల మీద పెట్టి, జానెడు జానెడు వైరు పట్టి ఊపుకుంట పో. ఒక్కసారే మొత్తం కట్ట గుంజితే అంకె కదుల్తది గని ఏడ కదిలిందో దెల్వదు.

ఓనర్‌కష్టాలు
టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే ఇంకా త్వరగా తేలదా? మా దగ్గర 24 వోల్టుల బల్బు ఉంది.

24వోల్టులు
5 వోల్టుల లైన్ మీద బల్బు పెట్టొద్దండీ. సెన్సర్ల కోసం కంట్రోలర్ ఇచ్చే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. 21 వాట్ల బల్బు 24 వోల్టుల మీద దాదాపు 0.9 ఆంపియర్లు లాగుతుంది, 5 వోల్టుల మీద చల్లటి ఫిలమెంట్ ఇంచుమించు షార్టే. బాగున్న లైన్ కూడా పడిపోతుంది, మీరు లేని ఫాల్ట్ వెతుకుతారు.

ఆ బల్బు పనికొచ్చే చోటు వేరు. కంట్రోలర్‌కి వచ్చే 24 వోల్టుల ఫీడ్, మెయిన్ ఎర్త్. కంట్రోలర్ కనెక్టర్ ఊడదీసి, ఫీడ్ వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య బల్బు వెలిగించి వోల్టేజ్ కొలవండి. పదహారు పోగుల్లో ఒక్క పోగు మిగిలిన వైరు కూడా కంటిన్యూటీ (వైరు తెగలేదని చూసే) పరీక్షలో కూత పెడుతుంది, మీటర్ ఓంలు కూడా చక్కగా చూపిస్తుంది. బల్బు లోడ్ పడగానే బండారం బయటపడుతుంది. లోడ్ మీద ఎర్త్ వైపు 0.2 వోల్టులకు మించి పోకూడదు.

ఓనర్‌కష్టాలు
సరే. ఇంకో సంగతి, మా రెండో మిషన్‌లో వాటర్ టెంపరేచర్ మానిటర్ మీద 80 దాటదు, రేడియేటర్ దగ్గర మాత్రం పొగలు కక్కుతోంది. కోడ్ ఏమీ లేదు. సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే సరిగ్గానే ఉందన్నారు.

పంపుడాక్టర్
మంచి కేసు, ఇందులో చాలామంది బోల్తా పడతారు. రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్ వేడెక్కేకొద్దీ ఓంలు తగ్గుతుంది. బాగా వాడుకలో ఉన్న రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓంలు, 80 దగ్గర 320 ఓంలు, 100 దగ్గర 186. ఇప్పుడు కనెక్టర్ పిన్‌కి చిలుము పట్టి అక్కడ 140 ఓంలు అదనంగా కలిసిందనుకో. చల్లగా ఉన్నప్పుడు 2500 మీద 140 అంటే ఒకటి రెండు డిగ్రీల తేడా, ఎవరికీ పట్టదు. నీళ్లు 100కి చేరినప్పుడు 186కి 140 కలిస్తే 326. కంట్రోలర్ దాన్ని 80 అని చదువుతుంది. ఇంజన్ ఉడికిపోతున్నా మానిటర్ మీద ముల్లు నిమ్మకు నీరెత్తినట్టుంటుంది. హద్దు లోపలి అంకె కాబట్టి కోడ్ పడదు.

మిషన్ నడపకండి ముందు. కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి. సెన్సర్ ఒక్కటే కొలిస్తే తేలదు, కంట్రోలర్ కనెక్టర్ దగ్గర నుంచి సెన్సర్‌తో కలిపి కొలవాలి. రెండు చోట్ల ఓంలలో తేడా ఎంతో అంతా దారిలో ఉన్న చిలుమే. మానిటర్ మీద మైనస్ 40 కనపడితే వైరు పూర్తిగా తెగినట్టు, ఎండాకాలంలో పొద్దున్నే ఎర్రగీత దాటి చూపిస్తే షార్ట్ అయినట్టు.

నైట్‌షిఫ్ట్
రామగుండం ఎండలో మైనస్ 40 చూపిస్తే ఆపరేటర్ దిగనే దిగడు.

టూల్‌బాక్స్
రమణా, కొత్త సెన్సర్ మీద రేంజ్ ఎంతని రాసి ఉంది? అసలు ఫాల్ట్‌కి సంబంధం లేకపోవచ్చు, అయినా చూడు. బయట దొరికే వాటిలో 400 బార్, 500 బార్, 600 బార్ అన్నీ ఒకే మర, ఒకే కనెక్టర్. 500 ఉండాల్సిన చోట 400ది వేస్తే 300 బార్ అసలు ప్రెషర్‌కి అది 3.5 వోల్టులు పంపుతుంది. కంట్రోలర్ 500 లెక్కలో చూసి 375 బార్ అనుకుని పంపు ఫ్లో తగ్గిస్తుంది. కోడ్ రాదు, మిషన్ మాత్రం ఎప్పుడూ బరువుగా కదులుతుంది. 600ది వేస్తే తిరకాసు ఇంకోవైపు, ప్రెషర్ తక్కువనుకుని ఫ్లో ఎక్కువ ఇస్తుంది, లోడ్ మీద ఇంజన్ మూలుగుతుంది.

పంపుడాక్టర్
ఇదిగో, ఇది టూల్‌బాక్స్ నుంచి రావాల్సిన పోస్టు. దీనికి ఒకటి కలుపుతున్నా. బ్రేకర్ పని మిషన్లలో ప్రెషర్ కొట్టుళ్లకి సెన్సర్ లోపలి పొర వంగి సున్నా జరిగిపోతుంది. ప్రెషర్ పూర్తిగా వదిలాక 0.5 రావాల్సింది 0.9 వస్తే, 500 బార్ సెన్సర్ లేని 50 బార్ చూపిస్తున్నట్టు. దీనికీ కోడ్ ఉండదు. ప్రెషర్ వదలకుండా కొలిచి సెన్సర్ పోయిందనకండి.

క్వారీ_రమణ
కొత్తది 500 బార్ అనే ఉంది, సున్నా దగ్గర 0.51.

ఇవాళ మధ్యాహ్నం దొరికింది. కోడ్ పడగానే కీ తిప్పకుండా చూశాం, 5 వోల్టుల లైన్ మీద 2.3. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే 2.4. ఫ్రంట్ పైలట్ సెన్సర్ ఊడదీశాం, కదల్లేదు. ట్రావెల్ పైలట్ సెన్సర్ ఊడదీయగానే 4.97. మళ్లీ పెడితే 2.4. దాని కనెక్టర్ లోపల ఆయిల్ నిండుగా ఉంది. బయట బాడీ మీద ఒక్క చుక్క లేదు, దుమ్ము కూడా పొడిగానే ఉంది. లోపలికి ఆయిల్ ఎలా వచ్చింది?

పంపుడాక్టర్
సెన్సర్ లోపలి పొర చిట్లింది. ఒకవైపు పైలట్ ఆయిల్ 39 బార్ దాకా, ఇంకోవైపు ఎలక్ట్రానిక్స్. చిట్లిన చోటు నుంచి ఆయిల్ సర్క్యూట్ బోర్డు మీదుగా పిన్నుల దగ్గరికి వస్తుంది. కనెక్టర్ రబ్బర్ సీల్ బాగుండబట్టే బయటికి కారలేదు. ఆయిల్ దానంతటది షార్ట్ చెయ్యదు, లోపలి బోర్డు చెడిపోయి వేడికి కరెంటు లాగుతోంది. దాని మొహం ఇంక చూడక్కర్లేదు, మార్చెయ్యి.

అసలు జాగ్రత్త దీని తర్వాత. ఆయిల్ అక్కడితో ఆగదు. వైరు తొడుగు లోపల రాగిపోగుల మధ్యనుంచి దీపం వత్తిలా పాకి కంట్రోలర్ కనెక్టర్ దాకా పోతుంది. కంట్రోలర్ కనెక్టర్ ఊడదీసి ఆ మూడు పిన్నులూ చూడు, తెల్ల కాగితం ముక్క అద్దితే తెలుస్తుంది. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, గాలి కొట్టి ఆరనివ్వు. పెట్రోల్, థిన్నర్ వాడకు, సీల్ రబ్బరు ఉబ్బుతుంది. ఆయిల్ ఎంత దూరం పాకిందో చూసి ఆ మేరకు వైరు కోసి కొత్త ముక్క వెయ్యి.

24వోల్టులు
జాయింట్ సంగతి. మూడు వైర్లనీ ఒకే చోట కోయొద్దు, ఒక్కోటి రెండేసి అంగుళాల తేడాతో కోస్తే కట్ట లావెక్కదు, జాయింట్లు ఒకదానికొకటి తగలవు. క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ వెయ్యి. మెలేసి టేపు చుట్టడం ఈ పంపు రూములో వారం కూడా ఆగదు, ఆయిల్ వేడికి టేపు జిగురంతా జారిపోతుంది.

క్వారీ_రమణ
కొత్త ట్రావెల్ సెన్సర్ రావడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా ఊడదీసి ఉంచి నడపొచ్చా? ఊడదీస్తే మిగతా కోడ్లు లేవు, బూమ్ ఆర్మ్ పూర్తి స్పీడ్.

గల్ఫ్_ఫిట్టర్
నడపొచ్చు, కానీ అది చేసే పనులు ఆగిపోతాయని తెలిసి నడపాలి. ట్రావెల్ అలారం మోగదు. ఆటో ఐడిల్ (లివర్లు కదపనప్పుడు ఇంజన్ స్పీడ్ తగ్గించేది) ఆన్‌లో ఉంటే ట్రావెల్ లివర్ తోసినా ఇంజన్ లేవదు, కాబట్టి ఆటో ఐడిల్ ఆఫ్ చేసి ఉంచు. మిషన్ వెనక మనుషులు తిరిగే చోటైతే అలారం లేకుండా కదపొద్దు, సిగ్నల్ ఇచ్చే మనిషిని పెట్టు. ఊడిన కనెక్టర్‌లోకి దుమ్ము పోకుండా సంచి చుట్టి, మూతి కిందికి ఉండేలా కట్టు.

పంపుడాక్టర్
నేను ఒప్పుకోను. పొర చిట్లిన సెన్సర్‌ని లైన్‌లో ఉంచి కనెక్టర్ తీసేస్తే, ఇంతదాకా ఆయిల్‌ని ఆపిన సీల్ కూడా తీసేసినట్టే. ఎప్పుడో పిన్నుల దగ్గర నుంచి పైలట్ ఆయిల్ చిమ్ముతుంది. ఆ సెన్సర్ తీసేసి దాని మర సైజు ఉక్కు ప్లగ్, సీల్‌తో సహా బిగించి నడుపు. హైడ్రాలిక్ హోస్ షాపుల్లో దొరుకుతుంది. మర సరిగ్గా సరిపోవాలి, టెఫ్లాన్ టేపు చుట్టి సరిపెట్టొద్దు, ముక్కలు పైలట్ వాల్వుల్లోకి పోతాయి. మిగతా జాగ్రత్తలు గల్ఫ్_ఫిట్టర్ చెప్పినవే.

గల్ఫ్_ఫిట్టర్
ప్లగ్ మాట ఒప్పుకుంటున్నా, అది మెరుగే.

ఓరుగల్లు_ఎలక్ట్రిక్
ఇంకోటి జెప్పిన్నా లేదా. మిషన్ మీద వెల్డింగ్ జేసేటప్పుడు బ్యాటరీ రెండు వైర్లూ తీసి, కంట్రోలర్ కనెక్టర్లు ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్ పని జరిగే కాడనే పట్టియ్యాలె. బకెట్ పండ్లకు వెల్డింగ్ పెట్టి ఎర్త్ ట్రాక్ చైన్‌కు ఇచ్చిన్రంటే కరెంటంత పిన్నులు, బేరింగులు, ఎర్త్ వైర్లల్లకెళ్లి తిరుగుతది. సెన్సర్లు నాలుగైదు ఒక్కసారే పోయినయంటే ముందుగాల అడగాల్సింది "నిన్న వెల్డింగ్ జేసిన్రా" అని.

టూల్‌బాక్స్
కడగడం కూడా. ప్రెషర్ వాషర్‌ని కనెక్టర్ల మీద నేరుగా కొట్టిస్తారు. కనెక్టర్‌లో వాడని రంధ్రాలకి ప్లాస్టిక్ ప్లగ్గులుంటాయి, ఊడిపోతే ఎవరూ పట్టించుకోరు, నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి.

బోర్‌వెల్_బాబు
ఇంకో మిషన్ సంగతి, కొత్త పోస్ట్ పెట్టాలా ఇక్కడే అడగొచ్చా? నడుస్తూ నడుస్తూ ఆర్‌పీఎం మానిటర్ మీద సున్నా అయిపోతుంది, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. పాత మెకానికల్ పంపు ఇంజన్, ఫ్లైవీల్ హౌసింగ్ మీద స్పీడ్ సెన్సర్.

24వోల్టులు
రెండు వైర్ల అయస్కాంత సెన్సర్ అది. విప్పి కొన చూడు, ఇనుప రజను మీసాల్లా పట్టి ఉంటుంది, తుడువు. తిరిగి బిగించేటప్పుడు ఫ్లైవీల్ పన్ను సరిగ్గా రంధ్రం ఎదురుగా ఉండేలా ఇంజన్‌ని చేత్తో తిప్పుకో. రెండు పళ్ల మధ్య సందు ఎదురుగా ఉన్నప్పుడు బిగిస్తే, ఇంజన్ తిరగగానే కొన ఎగిరిపోతుంది. పన్నుకి తాకేదాకా చేత్తో బిగించి, ఒక చుట్టు వెనక్కి తిప్పి, లాక్ నట్ వెయ్యి. మర 1.5 మిల్లీమీటర్ల పిచ్ అయితే గ్యాప్ కూడా అంతే వస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఏసీ వోల్టేజ్ కొలిస్తే అంకె కదలాలి. కదలకపోతే కాయిల్ ఓంలు చూడు, ఓపెన్ చూపిస్తే మార్చడమే.

బోర్‌వెల్_బాబు
సెల్ఫ్‌లో ఏసీ 1.2 చూపిస్తోంది. గ్యాప్ సరిచేశాం. అయినా అప్పుడప్పుడు సున్నా. మానిటర్‌లో క్యాన్ కమ్యూనికేషన్ ఎర్రర్ అని కూడా ఒకటి ఉంది. క్యాన్ హై, లో అనే రెండు వైర్ల మధ్య ఓంలు కొలిస్తే అంకె నిలబడట్లేదు, ఒకసారి 90, ఒకసారి 30.

పంపుడాక్టర్
ఆ క్యాన్ ఎర్రర్ ముందే చెప్పాల్సింది. కంట్రోలర్ నుంచి మానిటర్‌కి ఆర్‌పీఎం పోయే దారే అది, సెన్సర్‌ని ఇంక కదపకు. ఓంలు కీ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి కొలవాలి. లైన్‌లో వోల్టేజ్ ఉండగా కొలిస్తే మీటర్ నోటికొచ్చిన అంకె చెబుతుంది. లైన్ రెండు చివర్లా ఒక్కో 120 ఓంల రెసిస్టర్ ఉంటుంది, రెండూ ప్యారలల్‌లో ఉన్నట్టు లెక్క, కలిపి 60 రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ ఊడింది లేదా మధ్యలో వైరు తెగింది. 40 వస్తే ఎవరో మూడోది కలిపారు, జీపీఎస్ పెట్టెలు బిగించేవాళ్లు ఈ పని చేస్తుంటారు. సున్నాకి దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అలా కొలిచి అంకె పెట్టు, మానిటర్ వెనక కనెక్టర్ దగ్గర ఒకసారి, కంట్రోలర్ దగ్గర ఒకసారి.